కుంచెవారి లేసు సముద్రాలు దాటిన వైనం

నరసాపురం పక్కన కొత్తలంకలో కుంచెవారి ఇంట్లో నలుగురు మనుషులు. ఇంటిపెద్ద నూకాలమ్మ, ఆవిడ పెద్దకొడుకు అబ్బులు, చిన్నకొడుకు తాతబ్బాయి, పెద్దకోడలు తాయారు. నలుగురూ తెలివైనవాళ్ళే. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనలేదు గానీ, వాళ్ళలో వాళ్ళు రోజూ అనుకునేవాళ్ళు. మిగతా జనం చెప్పింది సగం విని సగం గాలికొదిలేస్తారట, వీళ్ళు అక్షరం పొల్లు పోనివ్వరట. ఒకసారి బ్యాంకు గుమస్తా ఈసారి లైనులో రమ్మన్నాడు. అంతే. మర్నాడు నలుగురూ ఇంటి గుమ్మం దగ్గరే ఒకరి వెనక ఒకరు లైను కట్టి, మూడు కిలోమీటర్లు అలాగే నడిచి బ్యాంకుకు వెళ్ళారు. దారిలో గేదె అడ్డొస్తే దాన్ని కూడా వెనక నిలబడమన్నారు.

ఆ నలుగురిలోనూ తన తెలివే ఓ పిసరు ఎక్కువని తాయారు నమ్మకం. ఎందుకంటే ఆమెకి లేసు అల్లడం వచ్చు. దారం ఉండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుందంటే నెల తిరిగేసరికి ఉండ పోయి పూలతోట వచ్చేది. పదేళ్ళుగా అల్లినదంతా షావుకారుకి ఇస్తుంటే, అది ఎక్కడికి పోతుందో, ఎవరింట్లో పరుస్తారో తెలిసేది కాదు. డ్వాక్రా శిక్షణలో ఫోన్లో ఫొటోలు పెట్టి అమ్ముకోవడం నేర్పారు. పెట్టింది. ఇంకేముంది, నెల తిరక్కుండా మూడు టేబుల్ క్లాతులకి ఆర్డర్లు వచ్చాయి. ఒకటి కెనడా, ఒకటి ఆస్ట్రేలియా, ఒకటి పోర్చుగల్. పోర్చుగల్ ఆవిడ పేరు ఒలీవియా. వచ్చే నెల ఇరవైన వాళ్ళమ్మాయి పెళ్ళిట, విందు బల్ల మీద తాయారు లేసే పరవాలట.

వీధిలో ఇంకో పదిమంది ఆడవాళ్ళు అల్లినవి పెట్టెల్లో పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. తాయారువి క్షేమంగా చేరితే వాళ్ళూ పంపుతారు. చేరకపోతే అందరూ మళ్ళీ షావుకారు గుమ్మం ఎక్కాల్సిందే.

దూరదేశం పంపాలంటే లేసు ఖరీదుకి మించిన ఖర్చు అవుతుందని అందరూ భయపెట్టారు. కానీ పాలకొల్లులో కొత్తగా ఒక పార్సిల్ ఆఫీసు పెట్టారు. చిన్నచిన్న అమ్మకందార్ల సరుకంతా పోగేసి ఒక్కసారిగా విమానం ఎక్కిస్తారు కాబట్టి చవక. అక్కడుండే విశాలమ్మ గారికి అబ్బులు ఫోన్ చేశాడు. ఆవిడ నెమ్మదస్తురాలు. ప్రతి గ్రాముకీ లెక్కేననీ, వీలైనంత బరువు తగ్గి వస్తే ఖర్చు తగ్గుతుందనీ చెప్పింది.

అంతే. ఆ పూట నుంచి ఇంట్లో పొయ్యి వెలగలేదు. నలుగురూ మజ్జిగ తాగి పడుకున్నారు. తొమ్మిది రోజులకి తాతబ్బాయి అందరికంటే ఎక్కువ చిక్కాడు. లుంగీ నిలవడం లేదు. వాడే వెళ్ళాలని నిర్ణయించారు. టేబుల్ క్లాతులు మూడూ తాతలనాటి టేకు పెట్టెలో పెట్టి, వాడి నెత్తిన ఎత్తి, వెనకాల మిగతా ముగ్గురూ నడిచారు. పాలకొల్లులో తాతబ్బాయి పెట్టెతో సహా కాటా ఎక్కి, ఎంత తగ్గానో చూడండంటూ అక్కడే కళ్ళు తిరిగి కూలబడ్డాడు.

విశాలమ్మ గారు వాడికి నాలుగు ఇడ్లీలు తెప్పించి పెట్టింది. తగ్గాల్సింది పార్సిల్ అనీ, మనుషులు కాదనీ విడమరిచి చెప్పింది. టేకు పెట్టె వద్దంది, ఒక్కొక్క దానికీ ఒక్కో అట్టపెట్టె ఇచ్చింది. పెట్టెలో ఖాళీ ఉన్నా దానికీ డబ్బులు పడతాయి కాబట్టి ఖాళీ లేకుండా చూసుకోమంది.

ఇంటికొచ్చే దారిపొడుగునా తాయారు తనని తానే తిట్టుకుంది. తెలివైనదాన్నై ఉండి తొమ్మిది రోజులు మజ్జిగ తాగాను, ఒక్క ముక్క అడిగితే పోయేదిగా అనుకుంది. ఈసారి చెప్పింది చెప్పినట్టు చేయాలని ఒట్టు పెట్టుకుంది. ఇంటికెళ్ళి చూస్తే లేసు పెట్టగా పెట్టెల్లో సగం ఖాళీ. ఖాళీ ఉండకూడదు కదా. మినపప్పు పోశారు. ఇంకా మూల ఖాళీ కనిపిస్తే నూకాలమ్మ ఉప్పు పోసింది. ఎక్కడా వేలు పట్టే సందు లేదు. అబ్బులు మూడు పెట్టెలూ సైకిలు మీద తోసుకెళ్తుంటే, మిగతా ముగ్గురూ వెనక నడిచారు, దారిలో టైరు పేలింది.

విశాలమ్మ గారు పప్పూ ఉప్పూ అంతా దులిపించింది. ఖాళీ లేకుండా చూడడమంటే లేసుని మడిచి చిన్న కవరులో పెట్టడమని మడిచి చూపించింది. అప్పుడు ఒక కాగితం ఇచ్చి, పరాయిదేశం గుమ్మం దాటాలంటే లోపల ఏముందో ఉన్నదున్నట్టు, దాని విలువతో సహా రాయాలంది. అక్షరాలు గుండ్రంగా రాస్తాడని తాతబ్బాయి చేతికి కలం ఇచ్చారు. వాడు కవరులో తలపెట్టి చూసి చూసి రాశాడు. లేసు గుడ్డ ఒకటి. మినపగింజలు ఆరు. వదినగారి తలవెంట్రుక ఒకటి. కొత్తలంక గాలి కొంచెం. విలువ అన్నచోట, మా వదిన పనికి వెల కట్టలేం అని రాశాడు.

ఆవిడ ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంది. కాగితాలు తనే నింపుతానంది. రేపు మధ్యాహ్నం వ్యాను పోతుందని, అది తప్పితే పెళ్ళినాటికి చేరదని చెప్పింది. గింజలవీ ఏరి, శుభ్రంగా ఇస్త్రీ చేసి, మూడూ కలిపి తెమ్మంది.

తాయారు ఈసారి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇస్త్రీ చేసింది. సూది తీసింది. మూడు టేబుల్ క్లాతుల్నీ అంచుకి అంచు చేర్చి, పువ్వుకి పువ్వు కలిపి, ఒక్కటిగా అల్లేసింది. తెల్లారి చూసుకుంటే అతుకు ఎక్కడుందో ఆమెకే కనపడలేదు. పదిమందీ వచ్చి చూసి ముక్కున వేలేసుకున్నారు. మేడం గారు కలపమన్నారు, కలిపాను అంది తాయారు.

మధ్యాహ్నం విశాలమ్మ గారు కవరు విప్పింది. విప్పుతుంటే గుడ్డ అలా వస్తూనే ఉంది. బల్ల దాటి, నేల దాటి, గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ గుడ్డ ఒక కొస ఎత్తి పట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా అంది.

"తాయారూ, ఇందులో పోర్చుగల్ ఎక్కడ? కెనడా ఎక్కడ?"

తాయారుకి అప్పుడు తెలిసింది. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"మేడం గారండీ, మా నలుగురికీ కలిపి బుర్ర ఒక్కటేనండి. అది కూడా ఇవాళ ఇంటి దగ్గరే వదిలేసి వచ్చామండి."

వ్యాను రావడానికి గంట ఉంది. అతుకు దొరకదు. పొరపాటున వేరే దారం తెంపితే పువ్వులన్నీ విడిపోతాయి. అబ్బులు కత్తెర పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. అప్పుడు నూకాలమ్మ నేల మీద చతికిలబడి, కళ్ళు మూసుకుని, గుడ్డ మీద వేళ్ళు నడిపించడం మొదలెట్టింది. నిన్నటి ముడి ఇంకా బిర్రుగా ఉంటుందనీ, పాత ముడి మెత్తబడుతుందనీ గొణిగింది. ఒకచోట వేలు ఆగింది. ఇక్కడ కొయ్యరా అంది. అబ్బులు కోసి దారం లాగితే అతుకు ఊడొచ్చింది. మరోచోట ఆగింది. కోశాడు. వ్యాను హారన్ కొట్టేసరికి మూడు గుడ్డలు మూడు కవర్లలో ఉన్నాయి. ఒక్క పువ్వు చెడలేదు.

పదో రోజుకి మూడూ చేరాయి. పెళ్ళి అయ్యాక ఒలీవియా ఫొటో పంపింది. పెద్ద బల్ల, దాని మీద తాయారు లేసు, దాని మీద కేకు. తాయారు ఆ ఫొటోని వీధంతా తిప్పింది. పదిమంది ఆడవాళ్ళూ పెట్టెలు తెరిచారు.

ఆ వారమే ఒలీవియా దగ్గర్నుంచి ఇంకో కబురు వచ్చింది. ఫోన్ దాన్ని తెలుగులోకి మార్చి చూపించింది. చుట్టాలందరికీ నచ్చిందట, వాళ్ళ చెల్లెలు కూడా అడుగుతోందట. చివర ఇలా ఉంది: దయచేసి అదే మళ్ళీ పంపండి.

నలుగురూ కూర్చుని ఆలోచించారు. ఇప్పుడు ఇస్త్రీలూ మడతలూ కాగితాలూ అన్నీ వచ్చు కాబట్టి తొందరపడలేదు. అదే పంపాలంటే అది ఇక్కడ ఉండాలి కదా అన్నాడు తాతబ్బాయి. నిజమే అన్నారు మిగతా ముగ్గురూ. తాయారు జవాబు రాసింది: తప్పకుండా పంపుతాం, ముందు దాన్ని మాకు పంపండి.

ఒలీవియా ఏమనుకుందో ఏమో, పాపం, పంపేసింది. పదిహేను రోజులకి కవరు కొత్తలంక చేరింది. తాయారు విప్పి, కేకు మరక ఉతికి, ఇస్త్రీ చేసి, చిన్నగా మడిచి, తనే పాలకొల్లు తీసుకెళ్ళింది. విశాలమ్మ గారు కాటా మీద పెట్టబోతూ ఆగింది.

"ఇది మొన్న పంపిందే కదమ్మా?"

"ఆయ్, అదేనండి," అంది తాయారు. "వేరేది పంపడానికి మేమేమైనా వెర్రివాళ్ళమాండి?"