వెల్లకిలా పడ్డ బూరె

అనగనగా, కన్నా, కాలవ గట్టున ఒక ఊళ్ళో వరహాలు అనే కోడలుండేది. పెరట్లో సిమెంటు తొట్లు కట్టి రంగు చేపలు పెంచేది. వాటిలో రాంచూ జాతి చేప ఒకటి. వీపు మీద రెక్క లేదు, తల మీద పకోడీ లాంటి బుడిపెలు, గుండ్రటి బంగారు పొట్ట. అందుకే దాని పేరు బూరె. ఆ చుట్టుపక్కల ఆ జాతిలో ఆడ చేప అదొక్కటే. గుడ్లు పెట్టకముందే పోయిందా, ఇక అక్కడ ఆ జాతే ఉండదు.

ఒకనాడు చుట్టాలొచ్చారు. ముద్దుగా ఉందని తలా గుప్పెడు మేత వేశారు. తెల్లారేసరికి బూరె వెల్లకిలా తేలింది! మొప్పలు మాత్రం ఆడుతున్నాయి.

"పొట్ట బిగుసుకుపోయింది. లంఖణమే మందు," అంది వరహాలు. తొట్టిలో నీళ్ళు జానెడు లోతుకి తగ్గించింది. మేత డబ్బా మూత బిగించింది.

మొదటి రోజు అత్తగారు మాచమ్మ అటుకులు పట్టుకొచ్చింది. "నోరులేని జీవాన్ని మాడుస్తావుటే? పాపం తగులుతుంది!"

"తగిలితే నాకే తగలనీ అత్తా. నువ్వు మాత్రం వెయ్యకు."

ఆ తర్వాత రెండో రోజు పక్కింటి సుభద్ర గోడ మీంచి మరమరాలు విసరబోయింది. "పోయేదానికి ఆఖరి ముద్దయినా పెట్టవా?"

"ముద్ద పెట్టే ఇంతదాకా తెచ్చారు. చెయ్యి వెనక్కి తీసుకో వదినా!"

మూడో రోజు ఎవరూ రాలేదు. బూరె వచ్చింది. వెల్లకిలానే ఈదుకుంటూ వచ్చి, వరహాలు వేలు చప్పరించింది. అప్పుడు వరహాలు గుండె నీరైపోయింది. చెయ్యి డబ్బా మీదికి పోయింది. పెట్టడం ఎవరికైనా వచ్చురా కన్నా, పెట్టకుండా కూర్చోవడమే చచ్చేంత కష్టం!

అప్పుడు వరహాలు పరుగున లోపలికెళ్ళి డబ్బా అత్త చేతిలో పెట్టింది. "ఇది దాచెయ్ అత్తా. నేను ఏడ్చి అడిగినా ఇవ్వకు."

మాచమ్మ కోడలి మొహం చూసింది. డబ్బా కొంగులో చుట్టుకుని, తొట్టి పక్కన పీట వేసుక్కూచుంది. సాయంత్రం వరహాలు రానే వచ్చింది.

"ఒక్క చిటికెడు, అత్తా..."

"చిటికెడూ లేదు, చింతకాయా లేదు. ఫో!"

మర్నాడు వరహాలు పొట్ట సాఫీ అవడానికని పచ్చిబఠాణీ ఉడకబెట్టింది. తొక్క తీసింది. నలిపి ఇసుమంత వేసింది. బూరె మింగింది. మధ్యాహ్నానికి కాస్త పక్కకి ఒరిగింది. దీపాలు పెట్టే వేళకి గిర్రున తిరిగి, వీపు పైకి పెట్టి ఈదింది!

"తిరిగిందే అమ్మాయ్!" అని కేకేసింది మాచమ్మ. డబ్బా మాత్రం తిరిగివ్వలేదు.

ఆ తర్వాత చలికాలం వెళ్ళేసరికి తొట్టి నిండా బూరె పిల్లలే. చూడ్డానికి ఎవరొచ్చినా సరే, "ముందు గుప్పిట విప్పండి," అనేది మాచమ్మ.

నువ్వు కూడా ఇంకో బిస్కత్తు అడిగావో, ఆవిణ్ణే పిలుస్తాను!

బూరె నీటికి, డబ్బా కొంగుకి,
కథ కంచికి, కన్నా, మనం నిద్రకి.