ముళ్ళమ్మ బసలో కారే గది

నేను ఇంతవరకు ఏమీ రాసి ఎరగను. చదివింది ఐదో తరగతి. మంచు చూడ్డానికి జనం వచ్చే ఒక కొండ మీద మాకు చిన్న హాస్టల్ ఉంది. మూడంటే మూడు గదులు. ఆ గదులు బుక్ చేసిపెడతామని మూడు సైట్ల వాళ్ళు నిన్నంతా ఫోన్లు చేశారు. ఎవరికి సరే అనాలో తెలియక బుర్ర వేడెక్కిపోయింది. సాయంత్రం హాస్టల్లో దిగిన పిల్లలు కథ చెప్పమని చుట్టూ కూర్చుంటే, బుర్రలో ఉన్నదే కథై బయటికొచ్చింది. వాళ్ళలో పెద్దది, జోషిత, "ఇది రాసిపెట్టండి పిన్నిగారూ" అంది. రాస్తున్నాను. తప్పులుంటే ఏమీ అనుకోకండి.

అనగనగా ఒక అడవిలో, కొండెక్కేవాళ్ళు అలిసిపోయి ఆగే చోట, ముళ్ళమ్మ అనే ముళ్ళపంది ఉండేది. దాని బొరియ పెద్దది. తను పడుకునే మూల కాక మూడు గదులు. దారిన పోయే జంతువులు ఒక రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే వెళ్తూ ఒక దుంపో, పండో ఇచ్చి పోయేవి. ముళ్ళమ్మకి కాలు కుంటి. దూరం పోయి తవ్వుకోలేదు. ఆ దుంపలతోనే దాని పొట్ట నిండేది.

ముళ్ళమ్మ ఎవరొచ్చినా పాత ఆకులు తీసేసి, కొత్తగా ఎండుటాకులు పరిచేది. ఆ పక్క మీద పడుకుంటే ఎంత హాయో! ఒకటే ఇబ్బంది. వానొస్తే లోపలి గదిలో ఒక మూల కారేది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలంటే ముళ్ళమ్మకి సిగ్గు.

ఒక ఏడాది కొండకి కొత్త దారి పడింది. అందరూ అటే పోసాగారు. బొరియ ఖాళీ అయింది. దాచిపెట్టుకున్న దుంపలు అయిపోవచ్చాయి.

అప్పుడు నెమలి వచ్చింది.

"ముళ్ళమ్మా! కొత్త దారిలో నుంచుని నీ ఇంటి గురించి నేను చెప్తాను. మహల్ అంటాను. లోపల పూలతోట ఉందంటాను. వచ్చినవాళ్ళు ఇచ్చే దాంట్లో నాకు కొంచెం పెట్టు, చాలు."

"పూలతోట లేదు కదా?" అంది ముళ్ళమ్మ.

"వచ్చాక చూసుకుంటారులే!" అంది నెమలి.

కాదనడానికి నోరు రాక ముళ్ళమ్మ తలూపింది.

తర్వాత చిలకల గుంపు వచ్చి వాలింది.

"అత్తా, అత్తా! గది ఉందా అని ఎవరడిగినా ఉందీ ఉందీ అనేస్తాం. నిన్ను అడిగే పనే లేదు. నువ్వు హాయిగా కూర్చో, మాకూ కొంచెం వాటా పెట్టు!"

ముళ్ళమ్మ దానికీ తలూపింది.

చివరికి వడ్రంగిపిట్ట వచ్చింది. అది పొగడలేదు. లోపలికి వెళ్ళి గోడలన్నీ టక్ టక్ మని కొట్టి చూసింది.

"పిన్నీ, లోపలి మూల కారుతుంది కదూ?"

ముళ్ళమ్మ ముళ్ళన్నీ సిగ్గుతో ముడుచుకుంది. "కొంచెం..."

"ఆకుల పక్క మెత్తన, ఆ మూల కారుతుంది. రెండూ చెప్తాను. ఎవరైనా వస్తామంటే ముందు నీకు చెప్పి, నువ్వు సరేనన్నాకే పంపిస్తాను."

"కారుతుందని చెబితే ఎవరొస్తారు నాయనా?" అంది ముళ్ళమ్మ. అయినా మూడోసారి కూడా తలూపింది.

మూడు రోజులు గడిచాయో లేదో, పెద్ద వాన పట్టుకుంది.

ముందు తాబేలు తాత వచ్చాడు. వస్తాడని వడ్రంగిపిట్ట పొద్దున్నే కబురు చెప్పింది. వీపు మీద పెద్ద టేకాకు వేసుకుని నేరుగా లోపలి గదికి వెళ్ళాడు. కాసేపటికి, "ముళ్ళమ్మా! చెప్పిన మూలే, చెప్పినట్టే కారుతోందే!" అని నవ్వి, నీళ్ళు కారే చోట ఆ ఆకు అడ్డం పెట్టుకుని పడుకున్నాడు.

తర్వాత ఉడతమ్మ తడిసిన పిల్లల్ని వెంటేసుకుని వచ్చింది. "ముందు గది మాదేనని చిలకలు చెప్పాయక్కా."

అది లోపలికి వచ్చిందో లేదో, గుమ్మంలో పునుగుపిల్లి నిలబడింది.

"ఏటే, మహలన్నారు, ఇదేనా? నెమలి చెప్పిన పూలతోటేదీ? ముందు గది నాదని చిలకలు కూడా చెప్పాయి." అంతలో దాని కళ్ళు ఉడతపిల్లల మీద పడ్డాయి. నాలిక బయటికొచ్చింది. "సరేలే. తోట లేకపోయినా భోజనం బాగానే పెట్టారు."

ఉడతమ్మ పిల్లల్ని పొట్ట కింద దాచుకుంది. "నమ్మి వచ్చాం కదక్కా!" అని ఏడ్చింది.

పిల్లలూ, ముళ్ళమ్మ అంతవరకు ఎవరినీ గట్టిగా ఒక మాట అనలేదు. ఆ రోజు కుంటుకుంటూ వెళ్ళి ఉడతలకి, పునుగుపిల్లికి మధ్యన నిలబడింది. ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"ఇది నా ఇల్లు. నా గడప లోపల ఎవరూ ఎవరినీ తినరు. నువ్వు వెళ్ళు."

"నీ ఇంటికి ఒక్కడు కూడా రాకుండా చేస్తాను!" అని పునుగుపిల్లి తిట్టుకుంటూ వానలోకి పోయింది. ముళ్ళమ్మ తన పక్క కూడా ఉడతపిల్లలకే ఇచ్చి, వాన వెలిసేదాకా గుమ్మంలోనే కూర్చుంది.

పొద్దున్నే వాటా కోసం నెమలి, చిలకలు వచ్చాయి.

"ఇక మీరు నా ఇంటి మాట ఎక్కడా చెప్పకండి" అంది ముళ్ళమ్మ.

"ఆ చెక్కలు పొడిచేదాన్ని నమ్ముకుంటే నీ మొహం ఎవరు చూస్తారు?" అని నెమలి ఎగతాళి చేసింది. చిలకలు "ఎవరు చూస్తారు, ఎవరు చూస్తారు" అనుకుంటూ ఎగిరిపోయాయి.

నిజంగానే కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. ముళ్ళమ్మ గుమ్మం దగ్గర గడ్డి వేళ్ళు నమిలి నీళ్ళు తాగింది. పొరపాటు చేశానేమో అనుకుంది.

ఒక సాయంత్రం చంకలో టేకాకు పెట్టుకుని ఒక కుందేలు వచ్చింది. "కారే గది ఉన్నది ఇక్కడేనా? తాబేలు తాత చెప్పాడు. ఇక్కడ చెప్పిందే ఉంటుందట కదా!" మర్నాడు ఇంకొకటి. ఆ తర్వాత ఉడతమ్మ తన చెల్లెళ్ళందరినీ తీసుకొచ్చింది. అందరి చేతిలో దుంపలూ పళ్ళే. అందరి చంకలో టేకాకులే. వెళ్ళేటప్పుడు ఎవరి ఆకు వాళ్ళు బొరియ మీద కప్పి పోయేవారు.

ఒక రోజు జోరున వాన పడుతుంటే వడ్రంగిపిట్ట వచ్చింది. లోపలి మూల టక్ టక్ మని కొట్టి చూసింది. ఒక్క చుక్క లేదు.

"పిన్నీ, ఇది కారడం లేదే! ఇప్పుడు నేనేం చెప్పను?"

"కారదని చెప్పు నాయనా" అంది ముళ్ళమ్మ.

ఇంతే కథ. పిల్లలు నవ్వుకుంటూ వెళ్ళి పడుకున్నారు. పొద్దున్నే లేచి రెండు సైట్ల వాళ్ళకి ఫోన్ చేసి "వద్దండీ" అన్నాను. మూడో సైటు అమ్మాయి నిన్న, "మీ దగ్గర ఏం లేవో కూడా చెప్పండమ్మా" అని అడిగింది. గీజరు లేదని చెప్పడానికి నాకు మొహమాటమై ఊరుకున్నాను. ఇవాళ పెరట్లో కట్టెల పొయ్యి మీద ఆవిర్లు కక్కుతున్న నీళ్ళ కాగుకి ఫోటో తీశాను. గదుల ఫోటోల కన్నా ముందు అదే పంపాను.

నీతి: నలుగురిని మన ఇంటికి పిలిచేటప్పుడు ఉన్నదీ లేనిదీ దాచకుండా చెప్పాలి, మన తరఫున చెప్పేవాళ్ళని కూడా అలాంటివాళ్ళనే చూసి పెట్టుకోవాలి.