ఎవరూ చెప్పని గండి

నల్లకొండ అడవిలో వాగు మాఘం దాటితే ఎండిపోతుంది. అందుకే వానలు వెనకపట్టగానే జంతువులన్నీ కలిసి వాగుకు అడ్డంగా మట్టికట్ట వేసుకునేవి. వాటికి పెద్ద, పెద్దిరాజు అనే అడవిదున్న. పొద్దున్నే కట్ట పొడుగునా తిరుగుతూ, "ఏం పోలమ్మా, పిల్లలు లేచారా? నీ వైపు మట్టి ఎలా ఉంది?" అని పేరుపేరునా పలకరించేవాడు. అడవిపంది పోలమ్మ మూతితో మట్టి కుమ్ముతూనే అడవి కబుర్లన్నీ చెప్పేది. కుందేళ్ళు ఒకటే నవ్వులు. కొండముచ్చులు రాళ్ళు మోస్తూ పాటలు. పని ఎప్పుడు అయిపోయిందో తెలిసేది కాదు.

ఆ ఏడు గుంటనక్క చెంగయ్య పెద్దిరాజు పక్కన చేరాడు. మట్టి మోయాలంటే అతనికి ఒళ్ళు బరువు.

"దొరా, ఇంత బలమున్న తమరు పందులతో కబుర్లాడితే అలుసైపోరూ? తమరు గట్టు మీద నీడన కూర్చోండి. వీళ్ళ సంగతి నేను చూసుకుంటా."

'దొరా' అన్న పిలుపు పెద్దిరాజు చెవికి ఇంపుగా తోచింది. సరేనన్నాడు.

మర్నాటి నుంచి ఎవరు నవ్వినా చెంగయ్య గదమాయించేవాడు. పాడినవాళ్ళను ఆ పూట మేతకు పోనిచ్చేవాడు కాదు. కట్ట మాత్రం తొందరగానే లేచింది.

"చూశారా దొరా, నోళ్ళు మూయిస్తే పనెలా సాగిందో!"

పెద్దిరాజుకీ నిజమేననిపించింది.

నీళ్ళు నిండుగా నిలిచాక ఒకరోజు పోలమ్మ పరుగున వచ్చింది. "అన్నా, తూర్పు కొసన ఎండ్రకాయలు బొక్కలు చేస్తున్నాయి. ఒక్కసారి వచ్చి చూడు."

"నీ పని మట్టి తవ్వడం. కట్ట బాగోగులు నీకెందుకు?" చెంగయ్య కసిరాడు.

పోలమ్మ దున్న మొహంలోకే చూస్తూ నిలబడింది. పెద్దిరాజుకు లేవాలనే ఉంది. కానీ నక్క ఎదుట పంది మాటకు లేవడం నామోషీ అనుకున్నాడు. "చెంగయ్యతో చెప్పుకో" అని మొహం తిప్పుకున్నాడు.

ఆమె వెనుదిరిగి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. తవ్వమన్న చోట తవ్వారు, చాలన్న చోట ఆపారు.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం కట్ట తెగింది. పెద్దిరాజు పరుగెత్తి గండికి అడ్డంగా పడుకున్నాడు. నీళ్ళు అతని మీదుగానే పొర్లి ఇసుకలో ఇంకిపోయాయి. చెంగయ్య ఎప్పుడు జారుకున్నాడో ఎవరూ చూడలేదు.

"ఇంత గండి పడేదాకా ఒక్కరికీ కనబడలేదా?" బురదలోంచి లేస్తూ అడిగాడు.

"అందరికీ కనబడింది" అంది పోలమ్మ.

"మరి చెప్పలేదేం?"

"మా కట్ట అనుకున్నన్నాళ్ళూ చెప్పాం అన్నా. అది మీ ఇద్దరిదని తెలిశాక మానేశాం. తప్పే. మా పిల్లల నీళ్ళు కూడా పోయాయి."

ఆమె గొంతులో కోపం లేదు. కోప్పడినా బాగుండేదనిపించింది అతనికి.

"మళ్ళీ కడదాం పోలమ్మా. ఈసారి నీ మాట వింటాను."

"వింటావు, నాకు తెలుసు. కానీ వాగులో నీళ్ళేవి?"

ఆ సాయంత్రమే జంతువులన్నీ పిల్లల్ని వెంటేసుకుని నీళ్ళు వెతుక్కుంటూ అవతలి లోయకు బయల్దేరాయి. ఎప్పుడూ మందకు ముందు నడిచే పెద్దిరాజు అందరికన్నా వెనక నడిచాడు. అతన్ని రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు.

నీతి: తనవాళ్ళ మాట వినని పెద్దకు పని చేసేవాళ్ళు మిగలవచ్చు గానీ, పని బాగుండాలని కోరుకునేవాళ్ళు మిగలరు.