బస్సెక్కని మరిడమ్మ

డాక్టర్ భుజంగరావు గారు మత్తు వైద్యంలో ముప్పై ఏళ్లు గడిపిన మనిషి. గోదావరి జిల్లాలోని ఒక పెద్దాసుపత్రిలో ఆయన చేతికింద పని నేర్చుకుని వెళ్లిన వాళ్లు చాలామందే ఉన్నారు. అయితే ఆయన కూర్చుని పాఠం చెప్పగా విన్నవాళ్లు మాత్రం అరుదు. ఎవరైనా ఏదైనా అడిగితే కళ్లజోడు తీసి తుడుచుకుని, "చూద్దాం పద" అనేవారు. ఆ చూడటం ఒక్కోసారి రోజుల తరబడి సాగేది. అడిగినవాళ్లు అడిగిన సంగతి మరిచిపోయినా ఆయన మరిచేవారు కాదు.

ఆయన దగ్గర మత్తు వైద్యం రెండో ఏడాది చదువుతున్న వైజయంతి ఒకనాడు ఉండబట్టలేక అడిగేసింది. ఏ మాట పుస్తకంలో ఏ పేజీలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగల అమ్మాయి. ఆ సంగతి ఆమెకూ బాగానే తెలుసు.

"సార్, గుండె ఆపరేషన్లకి మత్తిచ్చిన చెయ్యి మీది. అలాంటిది, గాల్‌బ్లాడర్ తియ్యడానికి పొట్టమీద నాలుగు చిన్న గాట్లు పెట్టే ఆపరేషన్, గంట పని. దాని తరవాత వాంతులవుతాయేమోనని మీరు ఎందుకంత భయపడతారు?"

భుజంగరావు గారు కళ్లజోడు తుడుచుకున్నారు. "రేపు మరిడమ్మ అని ఒకావిడకి ఆ ఆపరేషనే ఉంది. నువ్వు వెళ్లి చూసిరా. మత్తు నువ్వే ఇద్దువుగాని," అన్నారు.

వైజయంతి ఉత్సాహంగా వార్డుకు వెళ్లింది. మరిడమ్మకు నలభై ఆరేళ్లు. రొయ్యల కంపెనీలో పొట్టు వలిచే పని. పన్నెండేళ్లుగా ఆ నీచువాసనలో రోజంతా నిలబడి పనిచేసే మనిషి కడుపు ఎంత గట్టిదో వేరే చెప్పాలా అనుకుంది వైజయంతి. ఆ అనుకోవడంలోనే సగం తప్పు జరిగిపోయింది. అయినా పద్ధతి ప్రకారం కాగితం తీసి అడిగింది.

"మరిడమ్మ గారూ, చుట్ట, బీడీ ఏమైనా అలవాటుందా?"

"ఆయ్, లేదండి. మా అత్తకుంది గానండి."

"బస్సులో వెళ్తే వాంతులవుతాయా?"

"అవ్వవండి."

"ఇంతకు ముందు ఏదైనా ఆపరేషన్ అయిందా? అప్పుడు వాంతులయ్యాయా?"

"పిల్లలు పుట్టకుండా చేసేదే అయిందండి. ఇరవయ్యేళ్లయింది." మరిడమ్మ దుప్పటి కొసను వేలికి చుట్టుకుంది. "ఏం అవ్వలేదండి."

ఆడమనిషి, పొగ అలవాటు లేదు. వినడానికి వింతే గాని, ఈ రెండింటివల్లా మత్తు తరవాత వాంతులు వచ్చే అవకాశం కాస్త పెరుగుతుంది. మిగతా రెండూ, అంటే బస్సులో వాంతులూ పాత ఆపరేషన్‌లో వాంతులూ, లేవు. ఒక ఇంజెక్షన్ సరిపోతుందని రాసేసి, వైజయంతి కాగితం తెచ్చి సార్ చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పైనుంచి కిందికి చదివి, బాగుందనిగానీ బాగోలేదనిగానీ అనకుండా జేబులో పెట్టుకుని లేచారు.

వార్డులో ఆయన మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఏ ఊరు, పిల్లలేం చేస్తారు, రొయ్య మీద పొట్టు తియ్యడానికి చేతికి తొడుగులిస్తారా, ఇలా ఊసుపోని కబుర్లన్నీ మొదలుపెట్టారు. వైజయంతి వెనక నిలబడి గడియారం చూసుకుంటోంది.

"కంపెనీ దూరమేనా అమ్మా?"

"నాలుగు మైళ్లుంటదండి."

"ఎలా వెళ్తావు?"

"నడిచేనండి."

"పొద్దున్నే బస్సు పంపిస్తారుగా, మీ కంపెనీవాళ్లు?"

"వత్తదండి."

మరిడమ్మ ఆయన మొహంలోకి చూసి, తల దించుకుంది. రానూ పోనూ ఎనిమిది మైళ్లు, పన్నెండేళ్లు, గుమ్మం ముందు ఆగే బస్సును వదులుకుని ఎవరు నడుస్తారు? బస్సులో వాంతులవ్వవని మరిడమ్మ చెప్పింది నిజమే. ఆమె బస్సెక్కదు.

"మరిడమ్మా, ఇరవయ్యేళ్ల కింద ఏం జరిగిందో చెప్పు. ఏం చెప్పినా నీ ఆపరేషన్ ఆగదు. పూచీ నాది," అన్నారు భుజంగరావు గారు.

ఆమె మొదట గుమ్మం వైపు చూసింది. తరవాత మాటలు ఒకదాని మీద ఒకటి తోసుకుంటూ వచ్చాయి.

"ఆ ఆపరేషన్ల క్యాంపులోనండి, నేలమీద వరసగా పడుకోబెట్టేసేరండి. మత్తు దిగీ దిగకుండా మొదలయ్యేయండి వాంతులు. ఎల్లకిల్లా ఉన్నాను బాబూ, పక్కకి తిరగలేను, కేక రాదు. గొంతుకి అడ్డంపడి ఊపిరాడలేదండి. అందరూ అటూ ఇటూ తిరుగుతానే ఉన్నారండి, ఒక్కళ్లూ నాకేసి చూళ్లేదు. పక్క చాపమీదావిడ అరిచింది కాబట్టి బతికేను." ఆమె రెండు చేతులూ గొంతు దగ్గర పెట్టుకుంది. ఆ చేతులు వణుకుతున్నాయి. "కత్తికి నాకు బయం లేదండి. అదొక్కటే బయం. దానికే రెండేళ్లు ఈ నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకున్నాను. కామెర్లు వచ్చేక ఇంక తప్పక వచ్చేను. ఇవన్నీ సెప్తే నువ్వు పనికిరావని రాసేసి ఇంటికి పంపేత్తారన్నారండి వార్డులో."

తను రాసిన కాగితం మీది మాటలన్నీ వైజయంతి కళ్లముందే తలకిందులయ్యాయి. రేపు ఒక్క ఇంజెక్షన్ చేసి, మత్తు దిగగానే ఈ మనిషిని నర్సుకు ఒప్పజెప్పి, తను పక్క థియేటర్‌కి వెళ్లిపోయి ఉండేది. ఆ తరవాతి సంగతి ఊహించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

మరిడమ్మ భుజంగరావు గారి వైపు ఆశగా చూసింది. "ఈసారి రావు కదండీ?"

రావని చెప్పెయ్యండి సార్, అని వైజయంతి మనసులో బతిమాలుకుంది. ఆయన చెప్పలేదు.

"రావని చెప్పలేనమ్మా. రాకుండా మా చేతనైనదంతా చేస్తాం. వస్తే, ఈ అమ్మాయి నీ పక్కనే ఉంటుంది."

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని కొత్త కాగితం రాసుకున్నారు. పీల్చే గ్యాసు వాంతులు పెంచుతుంది కనుక అది మానేసి మత్తంతా నరం లోంచే ఇవ్వాలి. వాంతులకు ఒక మందు మొదట్లో, ఇంకో దారిన పనిచేసేది చివర్లో. నొప్పికి మార్ఫిన్ జాతి మందులు వీలైనంత తగ్గించి, గాట్ల దగ్గర తిమ్మిరి మందు వెయ్యాలి. సెలైన్‌లో లోటు చెయ్యకూడదు. వైజయంతికి ఇవన్నీ కంఠతా వచ్చినవే. అయినా ఆ రోజు ప్రతి మాటా రెండుసార్లు చదువుకుంది.

మర్నాడు ఆపరేషన్ ఏ ఇబ్బందీ లేకుండా ముగిసింది. రాళ్లు నిండిన గాల్‌బ్లాడర్ బయటికొచ్చింది, ఆపరేషన్ కోసం గాలి నింపిన పొట్ట మళ్లీ మామూలుగా దిగింది, మరిడమ్మ కళ్లు తెరిచి తన పేరు చెప్పింది. పక్క థియేటర్‌లో తరవాతి కేసు సిద్ధంగా ఉంది. "అది నేను చూసుకుంటాను, నువ్విక్కడుండు," అని భుజంగరావు గారు వెళ్లిపోయారు.

వైజయంతి మంచం పక్కన నిలబడింది. పది నిమిషాలైంది, ఇరవై అయింది. మరిడమ్మ నెమ్మదిగా ఊపిరి తీసుకుంటోంది. మానిటర్ మీద అంకెలన్నీ బుద్ధిగా ఉన్నాయి. అరగంట దాటాక వైజయంతికి కాస్త ధీమా కలిగింది. అంతా బాగానే ఉంది కదా, సార్‌కి అవతల సాయం కావాలేమో ఒక్కసారి తొంగిచూసి వద్దామనుకుని, తలుపు వైపు నాలుగడుగులు వేసింది.

వెనకనుంచి గుటక వేసిన చప్పుడు వినిపించింది. వెంటనే ఇంకొకటి.

ఆమె గిరుక్కున తిరిగింది. మరిడమ్మ పెదవులు పాలిపోయాయి. నుదుటిమీద చెమట పట్టింది. నోట్లో ఊరుతున్న నీళ్లను మింగలేక మింగుతోంది. "వచ్చేత్తంది డాక్టరమ్మా," అంది, గొంతు సగం పెగిలి. ఆమె కళ్లల్లో ఉన్న భయం ఆ రోజుది కాదు. ఆ క్షణాన ఆమె ఆసుపత్రి మంచం మీద లేదు, ఇరవయ్యేళ్ల కిందటి చాప మీద ఉంది.

వైజయంతికి ఎన్ని అడుగుల్లో మంచాన్ని చేరిందో తెలియదు. భుజం కింద చెయ్యేసి ఆమెను పక్కకు తిప్పింది, తలవైపు మంచాన్ని దించింది, నోట్లో చేరినదాన్ని పీల్చేసే గొట్టం పెట్టి లాగింది. నర్సు అందించిన ఇంజెక్షన్, ముందు రెండు మందులకూ భిన్నమైనది, నరంలోకి ఎక్కించింది. వచ్చింది గుక్కెడు పసరు, అంతే. ఊపిరికి అడ్డేమీ పడలేదు.

"గాలి పీల్చండి మరిడమ్మ గారూ. ఇక్కడే ఉన్నాను. పీల్చండి."

మరిడమ్మ పీల్చింది. వదిలింది. రెండోసారి వస్తుందని బిగుసుకుని ఎదురుచూసింది. వైజయంతి కూడా ఊపిరి బిగబట్టే ఎదురుచూసింది. రాలేదు. ఐదు నిమిషాలకు ఆమె పెదవుల మీదికి రంగు తిరిగొచ్చింది.

"ఇంతేనాండీ?" అంది మరిడమ్మ ఆశ్చర్యంగా. వైజయంతి చేతిని తన చేతిలోకి తీసుకుని, అలాగే నిద్రలోకి జారుకుంది. పైకీ కిందికీ ఆడుతున్న ఆ గుండెలను చూస్తూ వైజయంతి కదలకుండా నిలబడింది. ఇంకో పదడుగులు వేసి ఉంటే, తలుపు దాటి ఉంటే, ఆ గుటక తనకు వినపడేదే కాదు. చివరికి అక్కడే ఉన్న కుర్చీలో కూలబడింది.

గంట తరవాత భుజంగరావు గారు వచ్చారు. జరిగింది నర్సు చెప్పగా విన్నారు. మరిడమ్మ నాడి చూశారు. ఆమె నోరు కొద్దిగా తెరుచుకుని, చిన్న గురకతో, ఎన్నాళ్లకో దొరికిన నిద్ర పోతోంది.

వైజయంతి లేచి నిలబడబోయింది. మందులన్నీ ఇచ్చినా ఆపలేకపోయానన్న బాధ ఒకవైపు, ఆ నాలుగడుగుల సిగ్గు ఒకవైపు ఆమెను నమిలేస్తున్నాయి. తలుపుదాకా వెళ్లిన సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. ఆయన కోప్పడితే బాగుండుననిపించింది. ఆయన కోప్పడలేదు.

"చూడండి సార్," అంటూ రెండు చేతులూ ముందుకు చాపింది. "గంటైంది. ఇంకా వణుకుతున్నాయి. ఆవిడేమో హాయిగా నిద్రపోతోంది."

భుజంగరావు గారు ఆ చేతులకేసి చూశారు.

"నిన్నటిదాకా ఆ వణుకు ఆవిడ ఒక్కదానిదే," అన్నారు.