సింగమ్మ ఎండబెట్టిన నేరేడాకు

వినండి, చెబుతాను. మన తాతల తాతలకు వాళ్ళ తాతలు చెప్పిన మాట ఇది. అనగా అనగా ఒక కొండ, కొండ కింద ఒక వాగు, వాగు ఒడ్డున ఒక పల్లె. ఆ పల్లెలో సింగమ్మ అని ఒకామె ఉండేది. మోదుగాకులు తెచ్చి, నీడన ఆరబెట్టి, విస్తళ్ళు కుట్టేది. మొగుడు పోయాడు. ముగ్గురు పిల్లలు.

ఒక ఏడు వాన పట్టింది. పట్టిన వాన వదల్లేదు. పల్లెలో పిల్లలకు విరేచనాలు మొదలయ్యాయి, సింగమ్మ పిల్లలు ముగ్గురికీ పట్టుకున్నాయి. నేరేడాకు కాచి తాగిస్తే కడుపు కట్టుకుంటుందని పెద్దవాళ్ళకు తెలుసు. కానీ నేరేడు చెట్లు వాగు అవతల ఉన్నాయి. వాగు పొంగి పోతోంది.

సింగమ్మ వాగు దగ్గరికి వెళ్ళింది. నీళ్ళు తగ్గలేదు. ఇంటికొచ్చేసరికి పెద్దవాడు లేడు. మర్నాడు వెళ్ళింది. నీళ్ళు తగ్గలేదు. ఇంటికొచ్చేసరికి నడిమిది లేదు. మూడోనాడు చంటిదాన్ని చంకనేసుకునే వెళ్ళింది. నీళ్ళు తగ్గలేదు. ఆ పిల్ల అక్కడే, ఒడ్డునే, తల్లి భుజం మీద తల వాల్చేసింది.

నాలుగోనాడు వాగు తగ్గింది.

సింగమ్మ ఏడవలేదు. ఎండలు ముదిరాక వాగు దాటి గంపలకొద్దీ నేరేడాకు తెచ్చింది. విస్తరాకుల్లాగే నీడన ఆరబెట్టి, కుండల్లో కూరి, అటక మీద పెట్టింది.

"పచ్చాకు అక్కడుండగా ఈ ఎండుటాకు ఎవరికే?" అని నవ్వారు ఆడవాళ్ళు.

"వాగు దాటనివ్వని రోజుకి," అంది.

మళ్ళీ వాన పట్టింది. పట్టిన వాన వదల్లేదు. మళ్ళీ పిల్లలు మంచాన పడ్డారు. సింగమ్మ ఆకు కాచి, ముంత పట్టుకుని బయల్దేరింది.

మొదటి ఇంటి ముందు నిలబడింది. "ముగ్గుర్ని మింగినదానివి. నీ చెయ్యి నా మనవడి మీద పడనివ్వను," అని ముసలామె తలుపేసింది.

రెండో ఇంటి ముందు నిలబడింది. "ఎండిపోయాక ఆకులో ఇంకేముంటుంది సింగమ్మా?" అని ఇంటాయన తలుపేశాడు.

మూడో ఇంట్లో దాలమ్మ అని చిన్న వయసు తల్లి. తలుపు తీసే ఉంచింది. "అక్కా, వీడు కళ్ళు తెరవట్లేదు. ఏదుంటే అది పట్టు," అంది.

సింగమ్మ ఉగ్గుగిన్నెతో పట్టింది. వగరుకి పిల్లాడు మొహం చిట్లించాడు.

"చిట్లించాడే! ప్రాణం ఉందే!" అంది సింగమ్మ. ఏడాదికి, అప్పుడు ఏడ్చింది.

మూడు పూటలు పట్టింది. మూడో పూటకి పిల్లాడు గంజి అడిగాడు.

మొదటి ఇంట్లో అప్పటికే శోకాలు లేచాయి. రెండో ఇంటాయన ముంత పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఆయన వెనక పల్లె మొత్తం వచ్చింది. సింగమ్మ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కడుపుకి తాగించమని ఒక ముంత, నోరు పూసిన వాళ్ళకి పుక్కిలించమని ఒక ముంత. మొదటి ఇంట్లో మిగిలిన పిల్లకి తానే వెళ్ళి పట్టింది. ముసలామె కాళ్ళ మీద పడబోతే వెనక్కి జరిగింది.

కుండలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. గుప్పెడు ఆకు మిగిలిన రోజున సింగమ్మే మంచాన పడింది. ఆ గుప్పెడు కాచి దాలమ్మ తెచ్చింది.

"తాగక్కా."

"ఇంకెవరి బిడ్డ పడిందో చూడు. వాళ్ళకి పట్టు."

"నువ్వు పోతావక్కా!"

"నా పిల్లలకి అందలేదే అది. నా గొంతు దిగదు," అని సింగమ్మ గోడ వైపు తిరిగింది.

దాలమ్మ చాలాసేపు బతిమాలింది. చివరికి ఆ ముంత కుమ్మరి వాళ్ళ పిల్లకి పట్టింది. ఆ పిల్ల బతికింది. సింగమ్మ తెల్లారేసరికి లేదు. శ్మశానం కూడా వాగు అవతలే. నీళ్ళు తగ్గలేదు. ఆమెను ఆమె పెరట్లోనే పూడ్చారు.

ఆ పల్లెవాళ్ళు ఇప్పటికీ తొలకరికి ముందే నేరేడాకు నీడన ఆరబెట్టుకుంటారు. ఒక కుండ తమకి, ఒక కుండ పక్కింటికి, ఒక కుండ ఎవరొస్తే వాళ్ళకి. వానల్లో బిడ్డకి బాగోలేక, ఇంట్లో ఆకు అయిపోతే, తల్లి ఏ ఇంటి ముందైనా నిలబడి ఆకు ఉందా అని అడగదు.

"మీ ఇంట్లో సింగమ్మ ఉందా?" అంటుంది.

పగవాళ్ళ ఇల్లయినా సరే, లోపల్నుంచి ఒకటే మాట రావాలి.

"ఉందమ్మా, రా."