మంత్రిని ఊరికే పెట్టిన గాడిద

వాగు ఒడ్డున ఒక బత్తాయి తోట ఉండేది. యజమాని పొద్దున్నే వచ్చి, పొద్దుగూకే ముందు ఊళ్ళోకి వెళ్ళిపోయేవాడు. అతను వెళ్ళాక తోటను జంతువులే చూసుకునేవి. ఓ ముసలి ఎద్దు, ఓ మేక, కొట్టం నిండా కోళ్ళు, ఎల్లమంద అనే గాడిద. కాపలా బాధ్యత ఎల్లమందది. అతనికి కోరలు లేవు, కొమ్ములు లేవు. గొంతు మాత్రం ఉంది. అతను ఓండ్ర పెట్టాడంటే పక్క మిరపచేలో కాపలావాళ్ళు కుక్కల్ని వెంటేసుకుని పరిగెత్తుకొచ్చేవారు. అందుకే ఆ చుట్టుపక్కల నక్కలు ఆ తోట పేరు ఎత్తేవి కావు.

ఈ ఎల్లమందకు చిన్నతనంలోనే చదరంగం పిచ్చి పట్టింది. పట్టించింది ఎద్దు వీరభద్రం.

వీరభద్రం వయసులో ఉన్నప్పుడు ఒక ఊళ్ళో గానుగ తిప్పేవాడు. గానుగ పక్కనే అరుగు మీద కూర్చుని గానుగ యజమాని, అతని వియ్యంకుడు రోజూ చదరంగం ఆడేవారు. వీరభద్రం ఒక చుట్టు తిరిగొచ్చేసరికి ఒక ఎత్తు పడి ఉండేది. తిరిగొచ్చేలోపు ఏ ఎత్తు పడుతుందో ఊహించుకోవడం అతనికి అలవాటైంది. ఊహ నిజమైన రోజు గానుగ కాస్త తేలిగ్గా తిరిగేది. అలా ఏళ్ళ తరబడి నడిచి నడిచి, ఒక్క ఎత్తూ వేయకుండానే అతను ఆట నేర్చుకున్నాడు.

ముసలితనంలో అతన్ని ఈ తోటకు తోలారు. పెరట్లో ఓ నాపరాయి వెల్లకిలా పడి ఉంటే, దానిమీద కొమ్ముతో గీతలు గీశాడు. గీతలు తిన్నగా రాలేదు. ఒక మూల గడి మరీ ఇరుకై, ఏనుగును పెడితే సగం బయటికి వేలాడేది. తాటిటెంకలు రాజులయ్యాయి, పలుగురాళ్ళు ఒకవైపు బంటులు, ఎండిన బత్తాయిలు రెండోవైపు బంటులు. గుర్రాలకు మాత్రం ఎక్కడినుంచో పాత నాడాలు సంపాదించాడు.

అప్పటికి ఎల్లమంద ఇంకా తల్లి వెనకే తిరిగే పిల్ల. ఎద్దు తాత ఒంటరిగా రాయి ముందు నిలబడి గొణుక్కోవడం చూసి దగ్గరికి వచ్చాడు. వీరభద్రం అతనికి ఒక్కో దాని నడక చెప్పాడు. గుర్రం అడ్డం ఉన్నవాళ్ళ మీదుగా దూకుతుందని విన్నప్పుడు పిల్లవాడి చెవులు రెండూ నిక్కపొడుచుకున్నాయి. మా వైపువాళ్ళలో ఒకడికైనా ఆ వీలు ఉందన్నమాట అనుకున్నాడు.

తాత ఒక్క ఆట కూడా జాలిపడి వదిలిపెట్టలేదు. ఆ వర్షాకాలమంతా పిల్లవాడు ఓడుతూనే ఉన్నాడు. ఒకరోజు ఏడుస్తూ వెళ్ళి తల్లితో చెప్పుకున్నాడు. తల్లి వచ్చి ఎద్దును నిలదీసింది. పసివాడు, ఒకసారి గెలిపిస్తే ఏం పోయిందని అడిగింది.

వీరభద్రం నెమరు ఆపి, "గెలిపిస్తే రేపు రాడమ్మా, ఆట అయిపోయిందనుకుంటాడు" అన్నాడు.

పిల్లవాడు మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. కొన్నేళ్ళకు ఒక మబ్బుపట్టిన మధ్యాహ్నం పిల్లవాడు తాత రాజుకు ఎటూ దారి లేకుండా చేశాడు. వీరభద్రం రాయి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, నిజంగానే దారి లేదు. చాలా సంతోషపడ్డాడు గానీ ఆ సంతోషం మళ్ళీ పావులు పేర్చడంలోనే చూపించాడు. ఆ రెండో ఆట తాతే గెలిచాడు.

వీరభద్రం పోయాక ఎల్లమందకు జత కరువైంది. మేకను కూర్చోబెడితే బంటుల్ని తినేసింది. ఎండు బత్తాయిలు అంత రుచిగా ఉంటాయని తనకూ ముందు తెలియదని చెప్పింది. కోళ్ళ పెద్ద తిరపతమ్మకు ఈ ఆటంటే పడదు. గింజ రాని చోట అంతసేపు తల వంచుకోవడం ఆమెకు అర్థం కాలేదు. ఇక ఎల్లమంద తనతో తానే ఆడుకునేవాడు. ఒక ఎత్తు వేసి, రాయి చుట్టూ అవతలికి నడిచివెళ్ళి, అక్కడ నిలబడి ఇవతలివాడి మీద కోపం తెచ్చుకుని ఇంకో ఎత్తు వేసేవాడు. బస్తాలు మోసేటప్పుడూ ఆట బుర్రలోనే ఉండేది. బత్తాయి చెట్లు వరసల్లో ఉండేసరికి, రెండు చెట్లు ముందుకెళ్ళి ఒక చెట్టు పక్కకు తిరిగేవాడు. యజమాని అతనికి కళ్ళు కనబడటం లేదేమోనని డాక్టరుకు చూపించాడు.

ఈ సంగతంతా వాగు అవతలి పొదల్లో ఉండే నక్క పానకాలు చెవిన పడింది.

ఒక సాయంత్రం పానకాలు కంచె దగ్గర నిలబడి మర్యాదగా దగ్గాడు. ఎల్లమంద ఓండ్ర పెట్టడానికి నోరు తెరిచాడు. పానకాలు ముందుకాళ్ళు ముడుచుకుని, "అన్నా, నన్ను తరిమితే తరిమావు గానీ, ఆ గుర్రం ఎలా నడుస్తుందో చెప్పి తరుము" అన్నాడు.

ఎల్లమంద తెరిచిన నోరు అలాగే కాసేపు ఉంచి, తర్వాత మూశాడు. ఆ మాట అడిగినవాళ్ళు అతనికి అంతవరకూ ఎవరూ తగల్లేదు.

తిరపతమ్మ కొట్టం మీదనుంచి అంతా చూసింది. నక్కకు ఆట నేర్పడమేమిటని అడిగింది. కళ్ళెదుటే కూర్చున్న నక్క ఎవరినీ తినలేదు కదా, ఇంతకంటే మంచి కాపలా ఏముందని ఎల్లమంద సమాధానం చెప్పాడు. అందులో తర్కం ఉంది గనక ఆమె గొణుక్కుంటూ పడుకుంది.

పానకాలు ప్రతి సాయంత్రం వచ్చేవాడు. ఎప్పుడూ తాను వాగు వైపు కూర్చునేవాడు, అందువల్ల ఎల్లమంద వీపు కోళ్ళ కొట్టం వైపు ఉండేది. పాపం అతనికి జలుబు కూడా ఉన్నట్టుంది, మధ్యమధ్య దగ్గేవాడు. ఎల్లమంద పసుపు కొమ్ము నమలమని సలహా ఇచ్చాడు.

మొదట ఒక పుంజు కనబడలేదు. వాగు దాటి ఉంటుందిలే అనుకున్నారు. తర్వాత ఒక పెట్ట, ఇంకొన్నాళ్ళకు తిరపతమ్మ పిల్లల్లో ఇద్దరు మాయమయ్యారు. ఆ పొద్దున తిరపతమ్మ మేత ముట్టలేదు. నేరుగా నాపరాయి ఎక్కి రాజు గడిలో నిలబడింది.

"ఏమయ్యా ఎల్లమందా, నా పిల్లల్ని ఎత్తుకెళ్ళేటప్పుడు నువ్వు ఏ ఎత్తు వేస్తున్నావో గుర్తుందా?" అని అడిగింది.

అతనికి గుర్తుంది. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

అప్పుడు మేక, తనకు ఈ విషయాలు అంతగా తెలియవంటూనే, ఒక మాట చెప్పింది. ఎల్లమంద వెనక్కి తల తిప్పబోయినప్పుడే పానకాలుకు దగ్గు వస్తుందట. ఆ దగ్గు వినబడగానే కొట్టం వెనక ఇంకో నక్క నక్కి కూర్చుంటుందట. చెవి చిరిగిన నక్క, బహుశా పానకాలు బావమరిది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగితే, తనను ఎవరూ అడగలేదని చెప్పింది.

జంతువులన్నీ కలిసి ఆ రాయిని వాగులోకి దొర్లించాలని తీర్మానించాయి. ఎల్లమంద కాదనలేదు. ఒక్క సాయంత్రం గడువు అడిగాడు. తిరపతమ్మ ఒప్పుకుంది, మొహం మాత్రం అతని వైపు తిప్పలేదు.

ఆ పగలంతా ఎల్లమంద మేత మేయకుండా నిలబడ్డాడు. పిల్లలు పోయింది తన వల్ల. జత దొరికిందని మురిసిపోయిన రోజులన్నీ అబద్ధమని తేలింది. కానీ ఒక్కో సాయంత్రాన్నీ తలుచుకుంటూ పోతుంటే ఒక సంగతి తట్టింది. మొదట్లో పానకాలు చేతికందిన పావును జరిపేసేవాడు. ఈమధ్య చాలాసేపు ఆలోచిస్తున్నాడు. వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటానని బతిమాలుతున్నాడు. పొద్దు ఇంకా ఉండగానే వచ్చి కంచె దగ్గర కాచుకుంటున్నాడు. మొన్నయితే ఎల్లమంద ఈగలు తోలుకుంటూ వెనక్కి తిరిగినా దగ్గు రాలేదు. పానకాలు దగ్గడం మరిచిపోయి, నాడా మీద కాలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

ఎల్లమంద తిరపతమ్మ దగ్గరికి వెళ్ళి, ఈ సాయంత్రం కోళ్ళన్నిటినీ బత్తాయి కొమ్మల మీద పడుకోబెట్టమని అడిగాడు. కొట్టం తలుపు మాత్రం తెరిచే ఉంచాలన్నాడు. ఆమె కారణం అడగలేదు, కానీ పని పూర్తిగా చేసింది.

పానకాలు వచ్చాడు. ఆట మొదలైంది. కొంతసేపు ఇద్దరూ బాగానే ఆడారు. తర్వాత ఎల్లమంద తన మంత్రిని నెమ్మదిగా ముక్కుతో నెట్టి, పానకాలు గుర్రం దూకితే అందే చోట, ఎవరి కాపలా లేని గడిలో పెట్టాడు.

ఆట నేర్చుకున్న కొత్తలో అయితే పానకాలు దాన్ని మరుక్షణం కొట్టేసేవాడు. ఇప్పుడు కొట్టలేదు. గుర్రం మీద కాలు వేసి మళ్ళీ తీశాడు. మంత్రిని ఇలా ఎవడైనా వదులుతాడా అనుకున్నాడు. తీసుకుంటే ఆ ఏనుగు వస్తుందా, ఏనుగు కాకపోతే ఆ మూల బంటు ఏమైనా చేస్తుందా అని వెతికాడు. ఎక్కడా ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోవడంతో భయం ఇంకా పెరిగింది. తల రాయికి ఆనేంత కిందికి వంగిపోయింది.

ఎల్లమంద లేచాడు. దగ్గు రాలేదు. గిట్టల చప్పుడు కాకుండా గడ్డి మీదుగా నడిచాడు. అప్పుడూ రాలేదు. కొట్టంలో పానకాలు బావమరిది ఖాళీ దూలాల కింద ఇటూ అటూ తిరుగుతూ, కోళ్ళు ఏమయ్యాయో అర్థంకాక నిలబడి ఉన్నాడు. ఎల్లమంద వీపుతో తలుపు నెట్టి, దానికి ఆనుకుని నిలబడ్డాడు. తర్వాత గుండె నిండా గాలి పీల్చుకుని ఓండ్ర పెట్టాడు.

లోపలివాడు తలుపు గీకుతూ అరిచాడు. "బావా, తలుపు. బావా, కుక్కలు."

"ఉండరా కాసేపు, ఇందులో ఏదో ఉంది" అన్నాడు పానకాలు తల ఎత్తకుండానే.

మిరపచేను వైపు నుంచి కుక్కలు వచ్చాయి. ముందు వచ్చిన కుక్క పానకాలు తొడ పట్టుకున్నాక గానీ అతనికి ఎదురుగా ఎవరూ లేరని తెలియలేదు. ఎలాగో విదిలించుకుని కుంటుకుంటూ కంచె దూరాడు. కాపలావాళ్ళు కొట్టం తలుపు తీసి, బావమరిదికి కర్రలతో గట్టిగానే మర్యాద చేశారు. అతను వాగు దాటి, పొదలు దాటి, తన అక్కను నిద్రలేపి, ఇలాంటివాడితో కాపురమేమిటని చెప్పి పుట్టింటికి తీసుకుపోయాడు. ఆమె వెనక్కి చూడలేదని పొదల్లోవాళ్ళు చెప్పుకున్నారు.

ఆ తర్వాత తోటలో ఒక్క కోడిపిల్ల కూడా మాయం కాలేదు. రాయిని వాగులోకి దొర్లించే మాట ఎవరూ ఎత్తలేదు. తిరపతమ్మ మాత్రం దాన్ని కొట్టం గుమ్మం ముందుకు జరిపించింది, ఆడితే ఇక్కడే ఆడమంది. పోయిన పిల్లల గురించి ఆమె మళ్ళీ మాట్లాడలేదు. ఎల్లమంద ఆమెను క్షమాపణ అడిగాడు, ఆమె విని ఊరుకుంది. చాలాకాలం తర్వాత ఒక సాయంత్రం అతను తనతో తాను ఆడుకుంటుంటే, పక్కన నిలబడి కాసేపు చూసి, ఆ బంటును కాదు ఈ బంటును జరపమంది. ఆమె చెప్పింది సరైన ఎత్తే. ఎల్లమందకు ఆ సాయంత్రం రెండోవైపుకు నడిచివెళ్ళాల్సిన అవసరం రాలేదు.

పానకాలు మళ్ళీ వచ్చాడు, అయితే కంచె దాటలేదు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. వేట మీద మనసు నిలవడం లేదని చూస్తేనే తెలుస్తోంది. చాలాసేపు నిలబడి, చివరికి గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, జరిగిందేదో జరిగింది. ఒక్కటి చెప్పు. ఆ మంత్రిని అక్కడ ఎందుకు పెట్టావు?"

"ఊరికే పెట్టాను" అన్నాడు ఎల్లమంద.

"కొడితే ఏం చేద్దామనుకున్నావు?"

"ఏం చేసేది. మంత్రి పోయేది."

పానకాలు అతని మొహంలోకి తేరిపార చూశాడు. తర్వాత, చెప్పకూడదనుకుంటే చెప్పొద్దులే, నేనే కనిపెడతాను అంటూ పొదల్లోకి వెళ్ళిపోయాడు. అక్కడ మట్టిలో గళ్ళు గీసుకుని, గులకరాళ్ళు పేర్చుకుని, ఇప్పటికీ వెతుకుతున్నాడు.

నీతి: పొద్దస్తమానం అందరినీ మోసం చేసేవాడికి, నిజం చెప్పినా అందులో మోసమే కనబడుతుంది.