సగం చిరునామా

నాగావళి ఒడ్డున ఆశ్రమం నడిపే విమలానంద స్వామికి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాణ్ణి కూర్చోబెట్టి జవాబు చెప్పరు, ఏదో ఒక పనికి పురమాయిస్తారు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక ప్లీడరుగారి చేత రెండు బస్తాల చింతపండు పిక్క తీయించారు. ఆయనకు మాయ సంగతి తెలిసిందో లేదో గాని, ఆ ఏడాదంతా ఆశ్రమంలో పులుసు అమోఘంగా ఉండేది. అది వేరే కథ.

పైడిరాజు సర్వే శాఖలో ముప్పై ఏళ్లు గొలుసు పట్టి, రిటైరయ్యాక స్వామి దగ్గర చేరాడు. నాలుగు హద్దురాళ్లూ కనిపించందే పొలాన్ని పొలమనే రకం కాదు. ఒంటిపూట భోజన వ్రతం పట్టి అప్పటికి ఆరు నెలలు. ఆశ్రమం ఆఫీసు, అందులోని కంప్యూటరు అతని ఏలుబడిలోనే ఉండేవి.

ఒక మధ్యాహ్నం అతను అడిగాడు. "స్వామీ, భజనకొచ్చేవాళ్లలో చాలామందికి మంత్రం సగమే వచ్చు. తక్కినది నోట్లో నమిలేస్తారు. అలాంటి ప్రార్థన చేరుతుందా?"

స్వామి నోరు విప్పేలోగా చేపలమ్మే నూకాలు గుమ్మంలో బుట్ట దించింది. "బాబూ, మా పిల్ల పశువుల వైద్యం సదువుకి దరకాస్తు ఎట్టాల. ఇయ్యాల నాలుగ్గంటలకి మూసేత్తారట. దానికి జొరం, నానొచ్చినాను" అంటూ ప్లాస్టిక్ సంచిలో భద్రంగా ఉన్న మార్కుల జాబితా, రొండిన దోపుకున్న చీటీ తీసింది. బడిపంతులు వెబ్‌సైటు చిరునామా రాసిచ్చిన ఆ చీటీ ఏరు దాటుతుంటే తడిసి, చివర సగం చెరిగిపోయింది.

పైడిరాజు పెదవి విరిచాడు. "సగం చిరునామాతో బయల్దేరితే ఎక్కడ తేలతామో! రేపు పూర్తిది రాయించుకురా."

"రేపెక్కడిది బాబూ? రేపటికి ఆ పిల్ల నా బుట్టే ఎత్తాల."

"ఉన్నంతవరకు కొట్టు, పైడిరాజూ" అన్నారు స్వామి.

గొణుక్కుంటూ మూడక్షరాలు కొట్టాడు. నాలుగోదానికి వేలు కదిపేలోపే బ్రౌజరు తక్కినది తానే పూరించేసింది. ఎంత తెలివి దీనికి అనుకుని, పైడిరాజు చదవకుండానే ఎంటర్ నొక్కాడు.

తెర నిండా మిరపకాయ బజ్జీలు. వాటి కింద, ‘మీరు ఇంతకుముందు చూసినవి’ అన్న శీర్షికతో గుత్తివంకాయ, పెసర పునుగులు, గోంగూర రొయ్యలు.

నూకాలు ముందుకు వంగి చూసింది. "ఒంటిపూట బాబుగారు రెండోపూట ఇక్కడ తింతన్నారేటి!"

స్వామి భుజాలు కదిలిపోయేలా నవ్వారు. పైడిరాజుకు చెవులు వేడెక్కాయి. "ఇది మెషీను తప్పు స్వామీ."

"మూడున్నర అయింది" అన్నారు స్వామి.

ఈసారి పైడిరాజు చీటీలో మిగిలిన అక్షరాలన్నీ కొట్టాడు. అటువంటి చిరునామా బ్రౌజరుకు తెలియదు. తెలియదని మొహం తిప్పుకోకుండా, ఆ అక్షరాలనే పట్టుకుని వెతికి పది దారులు తెచ్చి ముందు పెట్టింది. ఏది అసలుదో తేల్చుకోలేక పైడిరాజు ఒక్కొక్కటే తెరుస్తున్నాడు. మూడోది తెరవగానే నూకాలు కేకేసింది.

"అదే బాబూ! ఆ గేద బొమ్మే! పంతులు తన సెల్లులో సూపించినారు, నాకు బాగా గురుతు."

నాలుగింటికి పది నిమిషాలుందనగా దరఖాస్తు చేరింది. నూకాలు రసీదును కళ్లకద్దుకుని, రొండిలో కాకుండా సంచిలో పెట్టుకుని, బుట్ట ఎత్తుకుని ఇంచుమించు పరుగునే వెళ్లింది.

ఆమె కనుమరుగయ్యాక పైడిరాజు, తాను చూసిన పేజీల జాబితాను చప్పుడు కాకుండా తుడిచేయబోయాడు. స్వామి చేయి అడ్డం పెట్టారు.

"ఉండనీ నాయనా. మంత్రం సగమైనా చేరుతుంది. తక్కిన సగం పలికేవాళ్ల మనసులోంచే తీసుకుంటుంది, చూశావుగా."